ఈ బిళ్ళలు మింగమంటారా, ఫాదర్ గారు?



2025 అక్టోబరులో ఒక ఆదివారం. రెండవ పూజ ముగించి బయటికి వచ్చేసరికి గుడి మెట్ల దగ్గర ఒక తల్లి నా కోసం నిలబడి ఉంది. పూజ కానుక ఇవ్వడానికి వచ్చిందనుకున్నాను. ఆమె సంచిలోంచి మూడు మాత్రల అట్టలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇవి మా ఆయన వాడే షుగరు బిళ్ళలు, ఫాదర్ గారు. మధ్యప్రదేశ్‌లో దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయారని టీవీలో చూసినప్పటినుంచి ఆయన వీటిని ముట్టుకోవడం లేదు. పిల్లల మందులోనే విషం ఉంటే పెద్దవాళ్ళ మందులో ఏముందో ఎవరికి తెలుసు అంటున్నారు. మీరు చెబితే వింటారు. మింగమంటారా, వద్దంటారా?"

"మీరు చెబితే వింటారు" అన్న మాట చెవిన పడగానే నాకు చెమట పట్టింది. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

ముందు ఒక సంగతి. ఆ భర్త భయాన్ని వెర్రి భయమని కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. ఛింద్వారా జిల్లాలో 20 మందికి పైగా చిన్నారులు మూత్రపిండాలు పాడై చనిపోయారు. వాళ్ళు తాగింది కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు. దాన్ని పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవం 48 శాతానికి పైగా ఉందని తేలింది. మందులో దానికి ఉన్న హద్దు 0.1 శాతం. ఈ విషం కొత్తగా పుట్టింది కాదు. 1937లో అమెరికాలో ఇదే ద్రవం కలిసిన మందు తాగి 100 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడుపులోంచే మరుసటి సంవత్సరం అక్కడ కొత్త ఔషధ చట్టం వచ్చింది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో గ్లిజరిన్‌లో ఇదే కలిసి 14 మంది రోగులు చనిపోయారు. అంటే దాదాపు తొంభై ఏళ్ళుగా అందరికీ తెలిసిన ప్రమాదం ఇది. చేయవలసినవాళ్ళు పరీక్ష చేయలేదు, చూడవలసినవాళ్ళు చూడలేదు. తల్లులు మాత్రం డాక్టరు చెప్పినట్టే చెంచాతో కొలిచి పోశారు.

పై కార్యాలయాల సంగతీ అంత గొప్పగా లేదు. 2012 మే నెలలో మన పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరుమీద ఒక నివేదిక ఇచ్చింది. 2008 జనవరి నుంచి 2010 అక్టోబరు వరకు ముప్పైకి పైగా కొత్త మందులకు మన దేశ రోగులమీద ప్రయోగాలు జరపకుండానే అనుమతి ఇచ్చారని అందులో ఉంది. వేర్వేరు ఊళ్ళలోని నిపుణులు రాసిన సిఫారసు ఉత్తరాలు ఒకే అచ్చులో పోసినట్టు ఉండటాన్ని కూడా ఆ సంఘం పట్టుకుంది. ఇంతమంది పెద్దలకు ఒకే వాక్యం ఎలా తట్టిందని మనమూ అడగవచ్చు.

మన తెలుగు నేలమీద జరిగింది ఇంకొకటి ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా కాపాడే టీకా వేశారు. ఒక అధ్యయనంలో భాగంగా వేసిన టీకా అది. వాళ్ళలో గిరిజన హాస్టళ్ళ పిల్లలు ఎందరో ఉన్నారు. తరువాతి నెలల్లో కొందరు పిల్లలు చనిపోయారు. గొడవ లేచింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. దర్యాప్తు చేసిన నిపుణులు ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదన్నారు. పాము కాటు, జ్వరం, బావిలో పడటం వంటివి కారణాలని తేల్చారు. అయితే అదే దర్యాప్తులో ఇంకో నిజం బయటపడింది. చూసిన 9,543 అనుమతి పత్రాలలో 2,763 పత్రాలమీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లిదండ్రులను అడిగినవాడు లేడు.

ఇక్కడ రెండు నిజాలు పక్కపక్కనే ఉన్నాయి. టీకా ఆ పిల్లలను చంపలేదు. ఆ పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ అన్యాయం జరిగింది. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది అబద్ధం కాదు. రెండవది నిజమైనంత మాత్రాన మొదటిది అబద్ధం కాదు. కానీ ఊళ్ళో ఈ రెండూ కలిసిపోయి "టీకా వేసి చంపేశారు" అన్న ఒక్క మాటగా మారాయి. అవమానం పొందినవాడు లెక్కలు వినడు. వినమని గద్దించే అధికారం అవమానించినవాళ్ళకు లేదు.

సెమినరీలో తత్వశాస్త్రం మొదటి సంవత్సరంలో మాకు తర్కం నేర్పారు. మాట చెప్పినవాడి గుణాన్ని చూసి ఆ మాట తప్పో ఒప్పో తేల్చకూడదని అందులో ఒక పాఠం. అప్పట్లో అది పరీక్షకు చదివే పాఠం. ఇప్పుడు రోగుల మంచాల దగ్గర నాకు రోజూ అవసరం అవుతోంది. ఒక కంపెనీ మోసం చేసిందన్నది ఒక ప్రశ్నకు జవాబు. మా నాన్న ఈ మాత్ర మింగాలా అన్నది వేరే ప్రశ్న. మొదటి జవాబు రెండవ ప్రశ్నకు పనికి రావచ్చు, ఇంకా జాగ్రత్తగా చూడమని హెచ్చరించవచ్చు. అంతేగాని రెండవ ప్రశ్నను అదే తేల్చేయలేదు. ఎలుకమీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్న సామెత మనందరికీ తెలుసు. సామెత చెప్పడం తేలికే. నేను తగలబెట్టిన ఇంటి సంగతి ఇప్పుడు చెబుతాను.

2013లో నేను వేరొక విచారణలో ఉన్నాను. ఆ సంవత్సరం జూన్ 18న కేంద్ర ప్రభుత్వం పయోగ్లిటజోన్ అనే షుగరు మందు తయారీనీ అమ్మకాన్నీ నిలిపివేసింది. దానివల్ల మూత్రాశయ క్యాన్సరు వస్తుందేమోనన్న అనుమానం అంతకుముందే ఉంది. ఫ్రాన్సు దేశం 2011లోనే ఆ మందును ఆపేసింది. ఈ వార్త పత్రికలో చదివి నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారం ధనాశమీద ప్రసంగం చేస్తూ ఆ మాత్ర పేరు చెప్పాను. "డబ్బుకోసం మనచేత విషం మింగిస్తున్నారు, అధికారులు కళ్ళు మూసుకున్నారు" అని గొంతు పెంచి అన్నాను. జనం తలలూపారు. ప్రసంగం బాగుందని పూజ తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చి చెప్పారు కూడా. మా గురువులకు ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు తెలియదు.

ఆ జనంలో మా ఉపగ్రామం ఉపదేశి గారు ఉన్నారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పిల్లలకు జపాలు నేర్పడం, చనిపోయినవారి ఇళ్ళలో రాత్రంతా కూర్చుని ప్రార్థన చెప్పడం ఆయన పని. గురువు మాటంటే ఆయనకు గురి. ఇంటికి వెళ్ళి తాను వాడే మూడు రకాల మాత్రలూ పంటకాలువలో పారబోశారు. భార్యకు కూడా చెప్పలేదు. ఆ మూడింటిలో నేను పేరు చెప్పిన మాత్ర ఒక్కటే. రెండవది వేరే షుగరు మందు, మూడవది రక్తపోటుకు. వాటికి బదులుగా సంతలో ఏదో వేరు పొడి కొని నీళ్ళలో కలుపుకొని తాగారు. ఆ పొట్లంమీద తయారుచేసినవాడి పేరు లేదు, తేదీ లేదు, దుష్ఫలితాల జాబితా అసలే లేదు. జాబితా లేని మందుకు దుష్ఫలితాలు లేవనుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. అటువంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్ముతారన్న సంగతి మనం ఆలోచించం.

ఆగమన కాలంలో ఆయన పాదంమీద చిన్న పుండు లేచింది. చెప్పు కరిచిందనుకున్నారు. పసుపు రాశారు. మానలేదు. పట్నంలో ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి రక్తంలో చక్కెర 400 దాటి ఉంది. ముందు రెండు వేళ్ళు తీశారు. తరువాత మోకాలి కిందినుంచి కాలు తీశారు.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి నేను వెళ్ళాను. "మాత్రలు ఎందుకు మానారు, ఉపదేశి గారూ?" అని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా నావైపు చూసి, "మీరే చెప్పారు గదండీ" అన్నారు. ఆ గొంతులో నింద లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆయనను చూసిన డాక్టరు గారు వరండాలో నాతో అన్న మాటలు నేను ఇప్పటికీ నెమరు వేసుకుంటూ ఉంటాను. "ఈయనకు కొన్ని నెలలుగా పాదాలు వాస్తున్నాయట, ఫాదర్. ఆ ఒక్క మాత్ర మానడం తప్పు కాదు. నా దగ్గరికి వచ్చి ఉంటే నేనే మాన్పించేవాణ్ణి. మిగతా రెండూ ఎందుకు మానారు? మానినవారు ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" మాత్రలు వాడుతూ ఉంటే కాలు నిలిచేదా అని అడిగాను. నిలిచి ఉండవచ్చు, లేకపోవచ్చు, గట్టిగా చెప్పలేనన్నారు. నా ఊరట కోసం అడిగానని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

ఇంకొకటి దాచను. 2013 జూలై 31న, అంటే నిషేధం వచ్చిన ఆరు వారాలకే, ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. పెట్టెమీదా లోపలి కాగితంమీదా హెచ్చరిక ముద్రించాలని, మొదటి మందుగా వాడకూడదని షరతులు పెట్టింది. ఆ వార్త కూడా నేను చూశాను. లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. తరువాతి ఆదివారం దాని ఊసెత్తలేదు. ప్రసంగం మెచ్చుకున్నవాళ్ళ ముందే దాన్ని సవరించి చెప్పడం నామోషీ అనిపించింది. అప్పటికి ఉపదేశి గారు మాత్రలు మాని ఆరు వారాలే. పూజ ఆరంభంలో మనం చేయవలసింది చేయకపోవడంవల్ల కట్టుకున్న పాపాన్ని కూడా ఒప్పుకుంటాం. నా విషయంలో దానికి ఒక తేదీ ఉంది.

తరువాత ఆ మందు గురించి శ్రద్ధగా చదివాను. కంపెనీల ధనాశ గురించి నేనన్నది గాలి మాట కాదు. ఆ మందును మొదట అమ్మిన జపాను కంపెనీ టకెడా, క్యాన్సరు ప్రమాదాన్ని దాచిందన్న వేలాది దావాలను పరిష్కరించుకోవడానికి 2015లో దాదాపు 240 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. అయితే ప్రమాదం ఎంత అన్న ప్రశ్న నేను ప్రసంగం చేసేనాడు అడగనే లేదు. 2011లో అమెరికా ఔషధ సంస్థ చెప్పిన లెక్క ఇలా ఉంది. ఏడాదికి మించి ఆ మందు వాడినవారిలో మూత్రాశయ క్యాన్సరు 40 శాతం ఎక్కువగా కనబడింది. నలభై శాతం అంటే గుండె గుభేలుమంటుంది. అదే లెక్కను ఇంకోలా చెప్పవచ్చు: అలా వాడినవారిని లక్షమందిని ఒక సంవత్సరం గమనిస్తే, వాడనివారికంటే అదనంగా సుమారు 28 మందికి ఆ జబ్బు వచ్చింది. రెండూ ఒకే నిజం. మొదటిది చెప్పి మనిషిని భయపెట్టవచ్చు, రెండవది చెప్పి నిద్రపుచ్చవచ్చు. నిజాయితీగలవాడు రెండూ చెబుతాడు. అదే రోగులను ఇంకా ఎక్కువ కాలం గమనించి 2015లో ప్రకటించిన ఫలితాల్లో ఆ తేడా స్పష్టంగా నిలబడలేదు. అయినా హెచ్చరిక తీసివేయలేదు, తీసివేయకూడదు కూడా. ఆ 28 మందిలో ఒకరు మన ఇంటివారు కావచ్చు.

ఈ లెక్కలన్నిటికంటే నన్ను ఎక్కువగా కుదిపింది వేరొకటి. ఆ మందుకు క్యాన్సరు అనుమానంకంటే ముందే తెలిసిన దోషం ఒకటుంది. అది ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, బలహీనమైన గుండెకు ప్రమాదం తెస్తుంది. ఆ హెచ్చరిక అమెరికాలో 2007నుంచే గట్టిగా ఉంది. నేను బలిపీఠం దగ్గర నిలబడి క్యాన్సరు అని కేకలు వేశాను. ఉపదేశి గారి విషయంలో చూడవలసింది పాదాల వాపు. అది ఆయన కాళ్ళు చూసినవాడికి తెలుస్తుంది గాని పత్రిక చదివినవాడికి తెలియదు.

అరిస్టాటిల్ ఈ సంగతి రెండువేల మూడువందల ఏళ్ళ క్రితమే చెప్పాడు. వైద్యుడు వైద్యం చేసేది మానవుడు అనే ఒక సాధారణ పదార్థానికి కాదు, ఎదురుగా కూర్చున్న ఫలానా మనిషికి. శాస్త్రం సాధారణమైనదాన్ని చెబుతుంది, జబ్బు మాత్రం ఒక్కొక్కరికి వస్తుంది. లక్షకు 28 అన్న లెక్క లక్షమందికి చెందినది. మీ నాన్నగారికి గుండె బలహీనంగా ఉందా, మూత్రంలో ఎప్పుడైనా రక్తం పడిందా, ఈ మందు కాకపోతే వేరే దారి ఉందా అన్నవి ఆయన ఒక్కరికి చెందినవి. ఆ రెండింటినీ కలిపి చూసే గుణాన్నే శ్రీసభ వివేకం అని పిలిచి మూల సుగుణాలలో మొదట కూర్చోబెట్టింది.

పునీత తోమాసు అక్వినాసు వివేకానికి ఉండవలసిన అంగాలను వివరిస్తూ డోసిలిటాస్ అనే ఒకదాన్ని చెబుతాడు. ఇతరులనుంచి నేర్చుకోవడానికి సిద్ధపడే గుణం అని దాని అర్థం. జీవితంలోని సంగతులు లెక్కలేనన్ని, ఒక్కడే అన్నీ చూడలేడు, కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళను అడగాలి అన్నది ఆయన వాదం. అదే వరుసలో జాగరూకతను కూడా పెట్టాడు. మంచిలో చెడు కలిసి వస్తుంది గనుక కళ్ళు తెరిచి ఉండాలన్నమాట. నేర్చుకొనే గుణం ఒక్కటే ఉంటే ఎవడేది ఇచ్చినా మింగుతాం. జాగరూకత ఒక్కటే ఉంటే ఏదీ మింగం. రెండూ ఒకే మనిషిలో ఉండాలని ఆయన కోరాడు.

మాకు నేర్పిన ఇంకో విభజన కూడా ఇక్కడ పనికి వస్తుంది. నిశ్చయత మూడు రకాలు. రెండూ రెండూ నాలుగు అన్నది ఒక రకం. రాయి పైకి విసిరితే కింద పడుతుందన్నది రెండవది. మనుషుల మాట, నడతమీద ఆధారపడి, బుద్ధిగలవాడు ముందడుగు వేయడానికి సరిపోయేది మూడవది. దాన్ని నైతిక నిశ్చయత అంటారు. మనం ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో మనకు తెలియదు. అయినా ఎక్కుతాం. డ్రైవరు తూలుతూ కనబడితే దిగిపోతాం. మాత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ రెండూ నాలుగు అన్నంత గట్టిగా చెబితేగాని మింగనంటాం. ఆ నిశ్చయత ఏ మందుకూ లేదు, మంచినీళ్ళకు కూడా లేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, మింగకపోతే ఏమీ చేయలేదు గనుక ఏ ప్రమాదమూ లేదనుకుంటాం. షుగరు మాత్ర మింగని ప్రతి పూటా షుగరు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అది చప్పుడు చేయదు, పత్రికకు ఎక్కదు.

మందులవాళ్ళందరూ దొంగలే, అధికారులందరూ అమ్ముడుపోయినవారే అనేవారిని నేను ఒకటి అడుగుతాను. ఈ తప్పులన్నీ మనకు ఎలా తెలిశాయి? కోల్డ్‌రిఫ్‌లో విషం ఉందని తేల్చింది తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల. అనుమతుల బాగోతం బయటపెట్టింది పార్లమెంటు సంఘం. వార్డెన్ల సంతకాలు లెక్కపెట్టింది దర్యాప్తు చేసినవాళ్ళే. క్యాన్సరు అనుమానాన్ని లెక్కగట్టింది ఔషధ సంస్థలూ పరిశోధకులూ. ఎవరూ నమ్మదగినవారు కాకపోతే ఈ నేరాల వార్తలను మాత్రం మనం ఎందుకు నమ్ముతున్నాం? పూర్తి అపనమ్మకం తన కాళ్ళను తానే నరుక్కుంటుంది. 1960లో థాలిడొమైడ్ అనే నిద్రమాత్రకు అనుమతి కోరుతూ ఒక కంపెనీ అమెరికా ఔషధ సంస్థకు దరఖాస్తు పెట్టింది. ఆ దస్త్రం ఫ్రాన్సెస్ కెల్సీ అనే వైద్యురాలి బల్లమీదికి వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరి నెల రోజులే. ఈ రుజువు చాలదు, ఇంకా తెమ్మని ఏడాదికి పైగా నిలబెట్టింది. కంపెనీ ఎన్నిసార్లు ఒత్తిడి తెచ్చినా సంతకం పెట్టలేదు. ఈలోగా గర్భిణులు ఆ మాత్ర వాడిన దేశాల్లో 10,000 మందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా, ఇతర లోపాలతో పుట్టారని తెలిసింది. కార్యాలయాలన్నీ ఒకేలా ఉండవు. ఒకే కార్యాలయంలో బల్లలన్నీ ఒకేలా ఉండవు.

దివ్య గ్రంథం ఈ విషయంలో మనం అనుకున్నంత అమాయకంగా లేదు. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుణ్ణి గౌరవించమంటుంది. మందులు దేవుడు నేలనుంచి పుట్టించినవని, తెలివిగలవాడు వాటిని తోసివేయడని చెబుతుంది. ప్రార్థన చేయమని, వైద్యుడికీ చోటు ఇమ్మని ఒకే ఊపిరిలో చెబుతుంది. మార్కు సువిశేషం 5వ అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని చూడండి. ఎందరో వైద్యుల చేతుల్లో బాధలు పడి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, ఇంకా దిగజారిందని మార్కు మొహమాటం లేకుండా రాశాడు. అదే కథ రాసిన లూకా ఆమెను ఎవరూ నయం చేయలేకపోయారని చెప్పి మిగతాది చాలావరకు తేల్చేశాడు. లూకా వైద్యుడని కొలొస్సీయులకు రాసిన లేఖ చెబుతుంది. తోటివాళ్ళమీద కొంత అభిమానం సహజమే గదా! ఆ రెండు సువిశేషాలూ మనకు ఉన్నాయి, రెండూ చదవాలి.

స్వస్థత కూటాలకు వెళ్ళి వచ్చి మాత్రలు పారేసేవారితో నేను ఎక్కువ వాదించను. నయమైందనుకుంటే పరీక్ష చేయించి డాక్టరుకు చూపించండి అంటాను. క్రీస్తు ప్రభువు కూడా కుష్ఠరోగిని నయం చేసి, వెళ్ళి యాజకునికి కనబడమన్నాడు.

అలాగని మందు వద్దన్న ప్రతివాడూ పాపం చేస్తున్నాడని ఎవరూ అనుకోవద్దు. మన ప్రాణాన్ని కాపాడుకోవడానికి మామూలు ఉపాయాలు వాడాలి గాని, మోయలేని భారమైనవాటిని వాడి తీరాలన్న విధి లేదని జగద్గురువులు పన్నెండవ పయస్ 1957 నవంబరులో వైద్యులకు స్పష్టంగా చెప్పారు. ఆ భారాన్ని మనిషిని బట్టి, చోటును బట్టి, కాలాన్ని బట్టి చూడాలన్నారు. ఎనభై ఏళ్ళ అవ్వ, కడుపులో తిప్పే మాత్ర ఇక వద్దని, అన్నీ తెలిసి, పిల్లలతో మాట్లాడుకొని నిర్ణయించుకుంటే నేను ఆమెను తప్పుపట్టను. చెప్పకుండా కాలువలో పారబోయడం వేరు. పసిపిల్లల విషయంలో, మతిమరుపు వచ్చిన పెద్దల విషయంలో మనం ఇంకా భయంతో నడవాలి. ఆ శరీరం మనది కాదు.

డాక్టరును మాత్రం ఎందుకు నమ్మాలి, ఆయనకు కంపెనీలు కానుకలు ఇవ్వడం లేదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అటువంటి కానుకల ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందంటే ఆ ఆచారం ఉన్నట్టే గదా. అందుకే డాక్టరు ముందు నోరు కట్టుకొని కూర్చోవద్దంటాను. మన విచారణల్లో పెద్దవాళ్ళు డాక్టరు దగ్గర పాపసంకీర్తనంలోకంటే ఎక్కువగా భయపడతారు. వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, సంచిలో వేసుకొని వెళ్ళి బల్లమీద పెట్టండి. ఏదైనా మానేసి ఉంటే మానేశానని చెప్పండి. అట్టమీద నిలువుగా ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా షాపులో అడగవద్దు, ఇచ్చినా తీసుకోవద్దు. మందు వాడాక ఒంట్లో ఏదైనా తేడా చేస్తే 1800-180-3024 అనే ఉచిత నంబరుకు మీరే చెప్పవచ్చు. 2010లో మొదలైన మన దేశపు ఔషధ నిఘా కార్యక్రమం నంబరు అది. మీరు చెప్పకపోతే లక్షకు 28 అన్న లెక్కలు మన దేశంలో ఎప్పటికీ తేలవు.

ఇక ఆ తల్లి సంగతి. మింగమనీ అనలేదు, మానమనీ అనలేదు. పూజ కానుకల కవరు ఒకటి తీసి వెనుకవైపు మూడు ప్రశ్నలు రాసి ఇచ్చాను. ఏ బిళ్ళ దేనికి? వాడితే ఏం ప్రమాదం, మానితే ఏం ప్రమాదం? ఏ గుర్తు కనబడితే వెంటనే మీ దగ్గరికి రావాలి? "రేపే వెళ్ళండమ్మా, ఆయనను నేను ఒప్పిస్తాను" అన్నాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఉపదేశి గారి కథ మొత్తం చెప్పాను, జూలై 31తో సహా. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "మీరు కూడా నాతో వస్తారా, ఫాదర్ గారు?" అన్నారు. వెళ్ళాను.

కవరు చూడగానే డాక్టరు గారికి కోపం వచ్చింది. "ఎవరు రాసిచ్చారిది? ఈ ఫాదర్ గారు ఏమైనా డాక్టరా?" అన్నారు. పక్కనే నిలబడి ఉన్నాను గనుక కాదన్నాను. మొదటి ప్రశ్నకు విసుగ్గా జవాబు మొదలుపెట్టి, మూడు అట్టలూ వరుసగా తిప్పి చూసి, మధ్యలో ఆగిపోయారు. ఒక అట్టలోని మందే, ఇంకో కంపెనీ పేరుతో, రెండు మందులు కలిపిన మరో మాత్రలో కూడా ఉంది. అంతకుముందు ఇంకెవరో రాసినది ఆపకుండానే కొత్తది మొదలైంది. ఏడు నెలలుగా ఆయన అదే మందు రెండింతలు మింగుతున్నారు. విషం కలిపారేమోనని భయపడ్డ మనిషికి ఈ సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు. డాక్టరు గారు గొంతు తగ్గించి రెండవ ప్రశ్నకూ మూడవ ప్రశ్నకూ నెమ్మదిగా జవాబు చెప్పారు. ఒక అట్ట తీసి పక్కన పెట్టారు. మిగతా రెండూ ఆ రోజునుంచే వేసుకోమన్నారు.

కవరుమీద కూడా ఏదో రాసిచ్చారు. ఆ రాత మా ముగ్గురిలో ఎవరికీ అర్థం కాలేదు. మందుల షాపు కుర్రవాడు చదివి చెప్పాడు: మూడు నెలలకు మళ్ళీ రావాలి, మందులన్నీ సంచిలో తేవాలి.